ఇసుకలో దాక్కున్న సొరచేప, బిల్లులో దాక్కున్న 36 యూరోలు

డైవింగ్ షాపు బోర్డు మీద ఒక స్కూబా డైవ్‌కి 42 యూరోలని ఉంది. బిల్లు 78 వచ్చింది. సామాన్ల అద్దె 18, ఇన్సూరెన్స్ 8, వ్యాన్‌కి 10. ఇన్సూరెన్స్ సరే, స్పెయిన్‌లో అది తప్పదు. "ఫ్రీ పికప్" అన్న వ్యాన్‌కి పది యూరోలేమిటని అడిగితే, తీసుకెళ్లడమే ఫ్రీ, తిరిగి దింపడం కాదన్నాడు కౌంటర్లో మనిషి. తడి జుట్టుతో, వణుకుతూ ఏం వాదిస్తాం?

ఇది స్పెయిన్ వాళ్ల కనారీ దీవుల్లో ఒకటైన గ్రాన్ కనారియాలో, ఫిబ్రవరిలో. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేనూ మా తమ్ముడూ వెళ్లాం. అక్కడ అరినాగా అనే ఊళ్లో గది రోజుకి 55 యూరోలు, శుభ్రంగా ఉంది.

డబ్బు కన్నా వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే రబ్బరు సూటు) ఎక్కువ ఏడిపించింది. నీళ్లు 19 డిగ్రీలు. వాళ్లిచ్చింది 5 మిల్లీమీటర్లది, వీపు మీద జిప్ పక్కన కుట్లు ఊడిపోయాయి. కదిలినప్పుడల్లా వెన్ను మీద చెంబుతో చన్నీళ్లు గుమ్మరించినట్టే. ట్యాంకులో సగం గాలి ఉండగానే పైకొచ్చేశాను. మా వాడు సాయంత్రమంతా "అండమాన్‌లో అయితేనా..." అంటూనే ఉన్నాడు.

మర్నాడు ఇంకో డైవింగ్ షాపుకి మారాం. అన్నీ కలిపి 60, ముందే కాగితం మీద రాసిచ్చారు. 7 మిల్లీమీటర్ల సూటు, తలకి హుడ్. దిగింది అరినాగా దగ్గర ఎల్ కాబ్రోన్ తీరంలో. రాళ్ల మీంచి నడిచి దిగాలి, అల పెద్దగా ఉన్న రోజు వెళ్లకండి. అండమాన్‌లా రంగురంగుల పగడాలుండవు. నల్లటి లావా రాయి, దాని కమానుల కింద గుంపులుగా చేపలు, సందుల్లోంచి నోరు తెరిచి చూసే మోరే ఈల్స్ అనే పాముల్లాంటి చేపలు. రాయి అయిపోయి ఇసుక మొదలయ్యేసరికి మా వాడు విసుగ్గా చేతులు తిప్పాడు. అంతలో ఇసుకలోంచి నారుమడిలా నిలబడి ఊగుతున్న గార్డెన్ ఈల్స్! దగ్గరికెళ్తే ఒక్కొక్కటే లోపలికి జారిపోయాయి.

ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపి కిందికి చూపించింది. నాకు ఇసుకే కనబడింది. కాసేపటికి రెండు చిన్న రంధ్రాలు తెరుచుకుని మూసుకోవడం, ఆ పైన మీటరు దాటిన ఒళ్లు ఆనవాలు. ఏంజెల్ షార్క్ అనే సొరచేప. తమ్ముడి కాలి ఫిన్ (ఈత రెక్క) తాకిడికి నీళ్లు కదిలాయో ఏమో, ఒళ్లంతా ఇసుక రాల్చుకుంటూ లేచి వెళ్లిపోయింది. కింద దాని అచ్చు అలాగే మిగిలింది. ఒకప్పుడు యూరప్ తీరాల్లో బాగా ఉండేదట. అడుగు ఊడ్చే వలలకి చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు దానికి కనారీ దీవులే పెద్ద దిక్కు. చలికాలంలోనే ఎక్కువ కనబడుతుంది, చన్నీళ్లకి భయపడి వేసవికి వాయిదా వేయకండి.

రాత్రి ఉప్పు కట్టిన తొక్కతోనే తినే చిన్న బంగాళాదుంపలు, నంజుకోవడానికి ఎర్ర మోహో అనే కారం సాస్, 6.50 యూరోలు. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, నూనె, వెనిగర్: మన వెల్లుల్లి కారానికి దూరపు చుట్టం. మా వాడు రెండో ప్లేటు కూడా చెప్పాడు. డైవ్ చేశాక ఒక రోజైనా ఆగి విమానం ఎక్కండి. మోహో సీసా కొంటే మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి, మాది సెక్యూరిటీ వాళ్లు చెత్తబుట్టలో వేశారు.