తక్కువ ధర చక్రాలతో దూరపు దారుల్లో

రోడ్ బైక్‌తో పాటు వచ్చే చక్రాలు తరచుగా జత రెండు కిలోల దగ్గర తూగుతాయి. అందుకే బైక్ కొన్న కొన్నాళ్లకే అందరి కళ్లూ తేలికైన వీల్‌సెట్ల మీద పడతాయి. గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీలైన బ్రెవెల్లోనూ, బ్యాగులు కట్టుకుని రోజుల తరబడి సాగిన కొండదారి యాత్రల్లోనూ రకరకాల తక్కువ ధర చక్రాల మీద తిరిగాను. ఇప్పుడు ఏ చక్రం చూసినా నేను మొదట అడిగేది ఒకటే. ఇది దారిలో చెడితే దారిలోనే బాగవుతుందా? బరువు సంగతి ఆ తర్వాతే.

బరువు లెక్క కూడా చెప్పేస్తాను. మనిషి, బైక్, సీసాలు, సామాను కలిపి 80 కిలోలు అనుకుందాం. చక్రాల్లో 300 గ్రాములు తగ్గిస్తే మొత్తంలో 0.4 శాతం కూడా తగ్గదు. గంటసేపు ఎక్కే కొండ మీద కలిసొచ్చేది పదమూడు, పద్నాలుగు సెకన్లు. తిరిగే బరువు కాబట్టి రెట్టింపు లెక్క వేసుకోవాలని కొందరు అంటారు. అది వేగం పెంచేటప్పటి మాట. ఒకే వేగంతో ఎక్కుతున్నప్పుడు రిమ్‌లో ఉన్న గ్రాముకీ సీసాలో ఉన్న గ్రాముకీ తేడా లేదు. 200 కిలోమీటర్ల బ్రెవెకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు ఉంటుంది. ఆ గడువు ముందు ఈ సెకన్లు ఎంత? ఒక్క స్పోక్ తెగితే మాత్రం గంటలు పోతాయి.

చదును రోడ్ల మీద షిమానో ఆర్ఎస్100 చక్రాల జత నాకు పూర్తి తృప్తినిచ్చింది. రిమ్ లోతు 24 మిల్లీమీటర్లు, జత బరువు దాదాపు 1.9 కిలోలు. చూడటానికి గొప్పగా ఏమీ ఉండవు. అయితే చక్రం మధ్యనుండే హబ్‌లో పాత పద్ధతి కప్, కోన్, విడి బాల్స్ ఉన్న బేరింగులు ఉంటాయి. వానాకాలం దాటాక విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, కోన్ సరిగ్గా బిగిస్తే మళ్లీ హాయిగా తిరుగుతాయి. సన్నని కోన్ స్పానర్లు, కాస్త ఓపిక చాలు. బిగింపు ఎక్కువైతే బేరింగ్ గరగరలాడుతుంది, తక్కువైతే చక్రం అటూ ఇటూ ఆడుతుంది. ఆ మధ్య స్థానం చేతికి అలవాటయ్యాక ఈ హబ్‌లంటే ఇష్టం పెరుగుతుంది.

అసలు పరీక్ష ఘాట్ రోడ్ల మీద జరిగింది. ఆ యాత్రకు వేసుకెళ్లినవి వేరే ఫ్యాక్టరీ చక్రాలు. వెనక చక్రానికి ఇరవై స్పోకులే. అవీ మామూలువి కాదు, బల్లపరుపుగా, మెడ వంపు లేకుండా ఉండే స్ట్రెయిట్ పుల్ రకం. వెనక బ్యాగు బరువుతో గతుకుల మలుపుల్లో ఎక్కుతుండగా టప్‌మని శబ్దం వచ్చింది, చక్రం బ్రేకుకు రాసుకోవడం మొదలైంది. వెనక పళ్లచక్రాల గుత్తి, అంటే క్యాసెట్ ఉండే వైపు స్పోక్ తెగింది. బ్రేకు వదులు చేసి, పక్క స్పోకులను కొద్దికొద్దిగా తిప్పి, ఎలాగో కిందనున్న ఊరి దాకా దిగాను. అక్కడి మెకానిక్ మంచి పనివాడు, సామాను పక్కన పెట్టి వెంటనే చక్రం చేతిలోకి తీసుకున్నారు. ఆయన దగ్గర మెడ వంపు ఉన్న స్పోకులు ఎన్నో సైజుల్లో ఉన్నాయి, ఈ హబ్‌కు పట్టేది ఒక్కటీ లేదు. అమ్మిన సంస్థకు ఫోన్ చేస్తే వారాలు పడుతుందన్నారు. మిగతా యాత్ర బస్సులో సాగింది. ఆ మెకానిక్ సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆ చక్రాన్ని మళ్లీ కొండ ఎక్కించను.

తెగడానికి కారణం అర్థమైతే కొనే పద్ధతే మారుతుంది. వెనక చక్రంలో క్యాసెట్‌కు చోటివ్వడానికి రిమ్‌ను ఆ పక్కకు జరిపి కడతారు. అందువల్ల ఆ పక్క స్పోకులు నిటారుగా నిలబడి ఎక్కువ బిగువు మోస్తాయి. ఎడమ పక్క బిగువు చాలా చక్రాల్లో దాని సగానికి అటూ ఇటూగా ఉంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ నేల వైపుకు వచ్చిన స్పోక్ కాస్త వదులై మళ్లీ బిగుస్తుంది. లక్షల సార్లు ఇలా జరిగితే లోహం అలిసిపోతుంది. బిగువు సమంగా లేకపోతే తెగే రోజు ఇంకా త్వరగా వస్తుంది. కాంపగ్నోలో, ఫల్‌క్రమ్ సంస్థల చక్రాల్లో దీనికి చక్కని ఉపాయం ఉంది. క్యాసెట్ వైపు రెట్టింపు స్పోకులు పెట్టి రెండు పక్కల బిగువునూ దగ్గరకు తెస్తారు. కాంపగ్నోలో వారి జోండా వెనక చక్రంలో మూడేసి స్పోకులు గుంపుగా కనిపించేది అందుకే. జోండా జత దాదాపు 1.55 కిలోలు, టైరు వైపు రిమ్‌కు స్పోకు రంధ్రాలు ఉండవు కాబట్టి రిమ్ టేపు కూడా అక్కర్లేదు. సామాను లేకుండా వెళ్లే రోజుల్లో వాటి మీద తిరగడం నాకు నిజంగా ఆనందం.

అందుకే చవకైన కొత్త చక్రాలు పెట్టె విప్పగానే రోడ్డెక్కించకూడదు. తెలిసిన మెకానిక్ చేత బిగువు కొలిచే టెన్షన్ మీటరు పెట్టించి ఒక్కో స్పోక్ చూపించాలి. పార్క్ టూల్ టీఎం-1 లాంటిది ఉంటే పని తేలిక. తర్వాత స్పోకులను జతలుగా చేత్తో గట్టిగా నొక్కి సర్దుకోనివ్వాలి, మళ్లీ చక్రం వంకర (ఔట్) తీయించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. తేలికైన చక్రానికి మారితే వచ్చే లాభం కన్నా ఈ ఒక్క పనితో వచ్చేదే ఎక్కువని నా నమ్మకం.

చవక కార్బన్ రిమ్‌ల మాట. 50 మిల్లీమీటర్ల లోతు, రిమ్ అంచునే పట్టి ఆపే రిమ్ బ్రేకు రకం. చదునులో వేగం నిలబెట్టడం తేలికవుతుంది, కాదనను. పక్కగాలి వీచే వంతెన మీద ముందు చక్రం మాత్రం లాగేస్తుంది, రెండు చేతులూ బిగపట్టి వెళ్లాలి. దిగుడు ఇంకా ముఖ్యం. పొడవైన దిగుడులో బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడికి కార్బన్‌ను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడే ప్రమాదం ఉంది. వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది. కొండదారికి రిమ్ బ్రేకుతో చవక కార్బన్ వద్దని గట్టిగా చెబుతాను. డిస్క్ బ్రేకు బైకులకు ఈ వేడి బెడద లేదు.

బస గురించి రెండు మాటలు. బైకును గదిలోకి రానిచ్చే చోటు దొరికితే మిగతా వసతులు తక్కువైనా నాకు సరే. రాత్రి చక్రం తిప్పి చూసుకోవడానికి, స్పోకులు మీటి వదులైనది పట్టుకోవడానికి వెలుతురు, చోటు ఉండాలి. కొన్ని చోట్ల మర్యాదకొద్దీ ధాటిగా వచ్చే పైపు నీళ్లతో బైకు కడిగిపెడతామంటారు. వద్దనండి. ఆ ధాటికి నీరు సీలు దాటి హబ్‌లోకి దూరితే బేరింగులు పాడవుతాయి. బస్సు, రైలు సామాను పెట్టెలోనూ చక్రాలకు దెబ్బలు తగులుతాయి, క్విక్ రిలీజ్ కడ్డీలు తీసి విడి సంచిలో పెడితే కొంత నయం.

ఇప్పుడు బ్యాగులతో వెళ్లే యాత్రలకు చేత్తో కట్టించిన 32 స్పోకుల చక్రాలే వేస్తున్నాను. మామూలు మెడ వంపు స్పోకులు, చివర్లు 2.0, మధ్యలో 1.8 మిల్లీమీటర్లు. హబ్‌లో మొత్తంగా తీసి మార్చే కార్ట్రిడ్జ్ బేరింగులు, వాటి మీద ముద్రించిన నంబరు చెబితే బేరింగుల దుకాణంలో ఇస్తారు. ఒక స్పోక్ తెగినా చక్రం కాస్త ఊగుతుందే తప్ప ఆగదు. వెనక చక్రం రెండు పక్కలకూ పొడవు తేడా ఉంటుంది కనుక రెండు సైజుల స్పోకులు ఫ్రేముకు టేపుతో అంటించుకుంటాను. క్యాసెట్ వైపుది మార్చాలంటే క్యాసెట్ విప్పాలి. ఆ పరికరం లేనప్పుడు పనికొచ్చేలా గట్టి దారంతో చేసిన అత్యవసర స్పోక్ ఒకటి సంచిలో ఉంటుంది.

కొనేముందు కొలతలు సరిచూసుకోండి. రిమ్ బ్రేకు వెనక హబ్ వెడల్పు 130 మిల్లీమీటర్లు, డిస్క్ బైకులకు ఎక్కువగా 142. క్యాసెట్ ఎక్కించే 11 స్పీడ్ షిమానో ఫ్రీహబ్ మీద 10 స్పీడ్ క్యాసెట్ వేస్తే 1.85 మిల్లీమీటర్ల స్పేసరు కావాలి. టైరును పట్టే కొక్కెం అంచు లేని హుక్‌లెస్ రిమ్ అయితే గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. రిమ్ బ్రేకు వాడేవాళ్లు అంచు మీద ఉండే అరుగుదల గాడిని అప్పుడప్పుడూ వేలితో తడిమి చూడాలి. గాడి కనబడకుండా పోయిందంటే ఆ రిమ్ ఎంత తిన్నగా తిరుగుతున్నా మార్చేయాలి.