క్యాసియో చవక వాచీలు: మిషన్‌కి తొంభై మార్కులు, బెల్టుకి నలభై

ఐదు వేలలోపు క్యాసియో కొందామనుకుంటే హైదరాబాద్‌లో ముందు తేల్చుకోవలసింది ఏ మోడలన్నది కాదు, ఒరిజినలా డూప్లికేటా అన్నది. ఆబిడ్స్‌లో బిల్లిచ్చే షాపులోని వాచీనీ, కోఠి ఫుట్‌పాత్ మీద గుడ్డ పరిచి పెట్టిన వాచీనీ పక్కపక్కన ఉంచితే చాలామంది తేడా పట్టలేరు. అందరికీ తెలిసిన నల్ల ప్లాస్టిక్ ఎఫ్-91డబ్ల్యూ 1989 నుంచి దాదాపు అదే రూపంలో వస్తోంది. ముప్ఫై అయిదేళ్ళుగా మారని వస్తువును నకలు కొట్టడానికి బోలెడు టైము దొరికింది మరి.

షాపులోనే ఇలా చూడండి. టైము చూపిస్తున్నప్పుడు కుడి పక్కనున్న ఒంటి బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టండి. ఒరిజినల్లో అంకెలు పోయి క్యాసియో అన్న అక్షరాలు వస్తాయి. నొక్కగానే 12 గంటల లెక్క 24కి మారడం మామూలే, మళ్ళీ ఒకసారి నొక్కితే సరిపోతుంది. ఈ కిటుకు ఇప్పుడు కొన్ని డూప్లికేట్లకీ వచ్చేసింది, కాబట్టి ఇంతటితో నమ్మేయకండి. లైటు వేసి చూడండి. అసలు దాంట్లో ఎడమ చివర ఒక మసక పచ్చ లైటు వెలుగుతుంది, కుడివైపు అంకెలు చీకట్లో వెతుక్కోవాల్సిందే. తెరంతా బ్రహ్మాండంగా వెలిగితే అనుమానించండి. ఈ వాచీకున్న పెద్ద లోపమే ఒరిజినల్ అనడానికి గుర్తు. వెనక స్టీలు పలకకి నాలుగు మూలలా నాలుగు చిన్న స్క్రూలు, దాని మీద 593 అన్న మాడ్యూల్ (లోపలి మిషన్) నంబరు ఉండాలి. షాపు ముద్ర, తేదీ వేసిన వారంటీ కార్డు లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఒరిజినలే అయితే లోపలి మిషన్‌కి వంక పెట్టలేం. కంపెనీ చెప్పే లెక్క నెలకి 30 సెకన్లు అటూ ఇటూ. కీ ఇచ్చే వాచీ ఒక్క రోజులోనే అంత తేడా చూపించినా ఎవరూ ఆశ్చర్యపోరు. మొత్తం బరువు 21 గ్రాములు, చేతికి ఉన్నట్టే తెలియదు. అమీర్‌పేట హాస్టళ్ళలో మాక్ టెస్టులు రాసుకునే పిల్లలకి టైము చూసుకోవడానికి ఇంతకన్నా మంచి వాచీ అక్కర్లేదు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ హాల్లోకి మాత్రం చేతి వాచీ రానివ్వరు, అందుకోసమని కొనకండి.

బెల్టు దగ్గరే పేచీ. నల్ల రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) బెల్టు మన ఎండకీ చెమటకీ కొన్నాళ్ళకి బిరుసెక్కి, డయల్ పక్కన మడత పడే చోటో, రోజూ వాడే బెజ్జం దగ్గరో చీలుతుంది. బిగించి పెట్టుకునేవాళ్ళకి ఇంకా తొందరగా. వారానికోసారి మంచినీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో చెమట జిడ్డు కడిగి నీడన ఆరబెడితే ఇంకొన్నాళ్ళు లాగుతుంది. మే నెల మధ్యాహ్నం పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయొద్దు. ఆ వేడికి తెర నల్లబడుతుంది. చల్లారాక మామూలుగా అయినా, బెల్టు మాత్రం ప్రతిసారీ కొంచెం చెడుతుంది. మార్చాలంటే ఎఫ్-91కి 18 మి.మీ. బెల్టు పడుతుంది. ఏఈ-1200 లాంటి వేరే క్యాసియో మోడళ్ళకి బెల్టు మొదలు దగ్గర ప్రత్యేకమైన కోత ఉంటుంది. బయట దొరికే సాదా బెల్టు వేస్తే పక్కన సందులు కనిపిస్తాయి, ఆ మోడల్ బెల్టే అడగాలి.

అందుకని వెండి రంగు చైను ఉన్న ఏ158 వైపు వెళ్ళేవాళ్ళు ఒక్క విషయం తెలుసుకోవాలి. చైను స్టీలే, డయల్ చుట్టూ ఉన్న చట్రం మాత్రం ప్లాస్టిక్ మీద వేసిన క్రోమ్ పూత. ఒళ్ళు బాగా చెమట పట్టేవాళ్ళకి ఆ పూత మూలల్లో ముందు మసకబారి, తర్వాత లేస్తుంది. చేతి మీద వెంట్రుకలు ఉన్నవాళ్ళని చైను పీకుతుంది కూడా. సైజు సర్దడానికి లింకులు తీయక్కర్లేదు. క్లాస్ప్ (చైను కొక్కెం) లోపలి చిన్న రేకుని సన్న స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి, కావలసిన చోటికి జరిపి నొక్కితే చాలు.

నీళ్ళ సంగతి. వెనక వాటర్ రెసిస్ట్ అని మాత్రమే రాసి పక్కన అంకె లేకపోతే, అది చేతులు కడుక్కోవడానికీ చినుకులకీ మాత్రమే. హైటెక్ సిటీ నుంచి ఎల్బీనగర్ దాకా వర్షంలో బైక్ మీద వెళ్ళేవాళ్ళు దాన్ని జేబులో వేసుకోవడమే మేలు. 50 మీటర్లు అంటే అంత లోతుకి దిగొచ్చని కాదు, అది కదలని నీటి ఒత్తిడి లెక్క. ఈతకొట్టేవాళ్ళు 100 మీటర్లది తీసుకోవాలి, అదైనా నీళ్ళలో ఉండగా బటన్లు నొక్కకూడదు. గీజర్ వేడినీళ్ళ స్నానం దేనికీ మంచిది కాదు. రబ్బరు వాషర్ మెత్తబడి ఆవిరి లోపలికి వెళ్తుంది, ఆ తర్వాత అద్దం కింద పొగమంచే.

ఎఫ్-91 పాడయ్యేది ఎక్కువగా సెల్లు మార్చేటప్పుడే. కంపెనీ సెల్లు సీఆర్2016 ఏడేళ్ళు వస్తుందంటారు, ఆ లెక్క ఫ్యాక్టరీలో వేసిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. మార్చేవాడు సీఆర్2025 వేస్తానంటే ఒప్పుకోకండి. వోల్టేజీ ఒకటే అయినా అది 2.5 మి.మీ. మందం, ఉండాల్సింది 1.6. బలవంతంగా దూరిస్తే పైన పట్టే రేకు వంగుతుంది. స్క్రూలు విప్పి పలక తీసినప్పుడు వెంట్రుకంత సన్న తీగతో చేసిన స్ప్రింగు ఒకటి నిలబడి ఉంటుంది, బీప్ శబ్దం చేసే బిళ్ళకి కరెంటు వెళ్ళేది దాని ద్వారానే. అది ఎగిరిపోతే టైము బాగానే నడుస్తుంది, అలారం మూగబోతుంది. కొత్త సెల్లు వేశాక ఏసీ (రీసెట్ చేసే చోటు) అని గుర్తున్న చోటునీ సెల్లు పైభాగాన్నీ లోహపు చిమటాతో రెండు సెకన్లు కలపాలి, లేకపోతే తెర మీద పిచ్చి అంకెలు వచ్చి వాచీ పోయిందనుకుంటారు. రబ్బరు వాషర్ గాడిలో కూర్చుందో లేదో చూశాకే స్క్రూలు, అవీ మూల నుంచి ఎదురు మూలకి కొంచెం కొంచెంగా.

ముళ్ళ వాచీల్లో ఎక్కువగా ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ సెల్లు పడుతుంది. అదే సైజులో ఏజీ4 అని చవక రకం దొరుకుతుంది. అది ఆల్కలైన్, తొందరగా దిగిపోతుంది, దిగాక లోపలే కారి మిషన్‌ని తింటుంది. ఆ కాస్త డబ్బు మిగిల్చుకోవద్దు. ఇక ఈ ధరలో సెకన్ల ముల్లు గీతల మీద సరిగ్గా పడకపోవడం మామూలే. తేదీ ఉన్నవాటిలో ఆ తేదీని రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి మూడింటి దాకా తిప్పి మార్చకండి, ఆ వేళలో తేదీ పళ్ళచక్రం మిషన్‌కి తగులుకుని ఉంటుంది.

ఒక్కటే కొనాలంటే నా ఓటు ఏఈ-1200కి. పదేళ్ళ సెల్లు, 100 మీటర్లు, అయిదు అలారాలు, అమెరికాలో ఉన్న పిల్లలకి ఫోన్ చేయొచ్చో లేదో చూసుకోవడానికి వరల్డ్ టైమ్. మూల నున్న గుండ్రటి చిన్న గడియారంలోని ముళ్ళు నిజమైనవి కావు, తెర మీద గీసినవే, దగ్గర చూపు తగ్గినవాళ్ళకి అవి ఆనవు. దీని క్యాలెండర్ 2099 దాకా తనంతట తనే చూసుకుంటుంది. ఎఫ్-91కి ఫిబ్రవరి ఎప్పుడూ 28 రోజులే. 2028 ఫిబ్రవరి 29 ఉదయం అది మార్చి 1 చూపిస్తుంది, తేదీ చేత్తో వెనక్కి తిప్పుకోవాలి.