డాకింగ్ స్టేషన్ల లెక్కకు లెనోవో డాక్ మేనేజర్

ఆఫీసులో ఏ లాప్‌టాప్ ఎవరి దగ్గర ఉందో చెప్పడం తేలికే గానీ, ఏ బల్ల మీద ఏ డాకింగ్ స్టేషన్ (లాప్‌టాప్‌ను మానిటర్, కీబోర్డు వంటివాటికి కలిపే పెట్టె) ఉందో చెప్పడం కష్టం. ఒక్కో డాక్‌ను తిరగేసి, స్టిక్కర్ మీది సన్నటి అక్షరాల సీరియల్ నంబరును రాసుకునే శ్రమను లెనోవో సంస్థ ఉచితంగా ఇచ్చే డాక్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ చాలావరకు తప్పిస్తుంది.

దీనిని లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తే, తగిలించిన డాక్ మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ (డాక్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) వెర్షన్ వంటి వివరాలు విండోస్‌లో పరికరాల సమాచారాన్ని అందించే డబ్ల్యూఎంఐ అనే వ్యవస్థలో చేరుతాయి; కమాండులు టైపు చేసే విండోస్ సాధనమైన పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్ కమాండుతో వాటిని చదివి, లాప్‌టాప్ పేరు, తేదీ జోడించి, ఎక్సెల్‌లో తెరవగల సీఎస్‌వీ ఫైలులో భద్రపరచవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఫర్మ్‌వేర్ వెర్షన్ కనిపించడం, ఎందుకంటే మానిటర్ వెలగడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది అదే. ఈ పనంతా చేసే పవర్‌షెల్ స్క్రిప్టును మాత్రం రాత్రిపూట కాక, లాప్‌టాప్‌లు డాక్‌లకు తగిలించి ఉండే పనివేళల్లోనే నడపాలి.

ఇతర కంపెనీల డాక్‌లకు ఇది పనికిరాదు. వాటి విషయంలో గెట్-పీఎన్‌పీడివైస్ అనే పవర్‌షెల్ కమాండు చూపే యూఎస్‌బీ వెండర్ సంఖ్యతో, ఉదాహరణకు డెల్‌కు 413సి, తయారీదారు ఎవరో తెలుస్తుంది గానీ సీరియల్ నంబరు దొరుకుతుందన్న భరోసా లేదు. అందుచేత అన్నీ లెనోవో డాక్‌లే ఉన్న ఆఫీసులకు దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.