హైదరాబాద్ మెట్రో సమీక్ష: సగటు సమయం, దాని చుట్టూ హెచ్చుతగ్గులు

ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగానికి వెళ్లడానికి మెట్రో మేలా, రోడ్డు మేలా అని అడిగితే చాలామంది రెండింటి సగటు సమయాలను పోల్చి తీర్పు చెప్పేస్తారు. నా దృష్టిలో మెట్రో అసలు గుణం సగటులో కనిపించదు. రోజువారీ సమయాలు ఆ సగటుకు ఎంత దగ్గరగా ఉంటున్నాయన్న దానిలోనే అది తెలుస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఆ రెండు స్టేషన్ల మధ్య ఐదు రోజులపాటు రోడ్డు మీద 55, 60, 70, 80, 85 నిమిషాలు, మెట్రోలో 68, 69, 70, 71, 72 నిమిషాలు పట్టాయనుకుంటే, పదో తరగతిలో నేర్చుకున్న అంకమధ్యమం, అంటే సగటు, రెండింటికీ 70; వరుసలో నడుమ నిలిచే విలువ అయిన మధ్యగతమూ 70. కేంద్రాన్ని మాత్రమే చూసేవారికి ఈ రెండు ప్రయాణాలూ ఒకటే. కానీ గరిష్ఠ, కనిష్ఠ విలువల తేడా అయిన వ్యాప్తి రోడ్డుకు 30 నిమిషాలు, మెట్రోకు 4. విలువలు సగటు నుంచి సుమారుగా ఎంత దూరంలో ఉంటాయో చెప్పే ప్రామాణిక విచలనం రోడ్డుకు దాదాపు 11.4, మెట్రోకు 1.4. తొమ్మిదింటికల్లా ఆఫీసులో హాజరు వేయాల్సిన వ్యక్తి ఎప్పుడు బయల్దేరాలో నిర్ణయించేవి ఈ విస్తరణ కొలతలే.

ఒక వాన రోజు రోడ్డుపై 85కు బదులు 160 నిమిషాలు పట్టిందనుకుంటే సగటు 85కు, వ్యాప్తి 105కు పెరుగుతాయి; మధ్యగతం మాత్రం 70 దగ్గరే ఉంటుంది. అసాధారణ విలువలకు చలించదని మధ్యగతాన్ని మెచ్చుకుంటాం గానీ, ఆ రోజు ప్రయాణికుడు పడ్డ యాతన అందులో ఆనవాలుకైనా మిగలదు. 2018లో ఎల్బీనగర్‌కు, 2019లో హైటెక్ సిటీకి చేరిన మెట్రో రోడ్డుకు పైన, తన సొంత పట్టాల మీద నడుస్తుంది కనుక కూడళ్ల రద్దీ, ఊరేగింపులు, నిలిచిన వాననీరు దానికి అడ్డురావు.

అయితే స్టేషన్ దాకా వెళ్లే ఆటో ఆ రోడ్డు మీదే నడవాలి. ఆటో సమయపు ప్రామాణిక విచలనం 6 నిమిషాలైతే, ఆటో, మెట్రో సమయాలు ఒకదానిపై ఒకటి ఆధారపడనప్పుడు, విచలనాలను కాక వాటి వర్గాలను కూడాలి: ఆటోది 36, మెట్రోది 2 కలిసి 38, దాని వర్గమూలం సుమారు 6.2. అంటే మొత్తం ప్రయాణంలోని హెచ్చుతగ్గులన్నీ దాదాపుగా ఆటోవే. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేవారికి ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆటో ఎక్కాల్సినవారు మాత్రం ఆ సమయాలను కొన్నాళ్లు విడిగా రాసుకుని, వాటి సగటును కాక గరిష్ఠాన్ని చూసుకుని ఇంటి నుంచి బయల్దేరాలి.