అప్రైజల్ ట్రైనింగ్ కొంటున్నారా? స్లైడ్లు చూసి డబ్బు కట్టకండి

సూపర్‌వైజర్లకు పనితీరు మదింపు నేర్పిస్తామని వచ్చే ప్యాకేజీలతో జాగ్రత్త. మా సంస్థ కొన్న ఒకరోజు శిక్షణలో స్లైడ్లు తప్ప ఏమీ లేవు. హాలో ఎఫెక్ట్ (ఒక మంచి గుణం చూసి అన్నింట్లోనూ ఎక్కువ మార్కులు వేయడం), అందరికీ మధ్య మార్కులు వేయడం, చివరి నెల పనే గుర్తుండటం... ఇలా తప్పుల జాబితా చదివి, "మార్కుల్లో తేడా చూపించండి" అని ముగించారు. ఎవరిచేతా ఒక్క ఫారమైనా నింపించలేదు.

డబ్బు పోవడం ఒక్కటే కాదు, దీనివల్ల ఉద్యోగులకు అన్యాయం జరుగుతుంది. తప్పుల మీదే శిక్షణ ఇస్తే ఆ తప్పులు తగ్గినట్టు కనిపిస్తూనే మార్కుల కచ్చితత్వం పడిపోతుందని 1980లోనే బెర్నార్డిన్, పెన్స్ పరిశోధనలో తేలింది. అన్నింట్లోనూ నిజంగా బాగా చేసే మనిషికి కూడా, హాలో అంటారేమోనన్న భయంతో ఎక్కడో ఒకచోట మార్కు కోసేస్తారు. టీమ్‌లో అందరూ బాగా చేసినా ఎవరో ఒకరిని కిందకు దించుతారు.

మీరు అడగాల్సింది ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్ ట్రైనింగ్, అంటే అందరూ ఒకే కొలమానంతో మార్కులు వేయడం నేర్పే శిక్షణ. ముందు మీ సొంత ఫారంలోని ప్రతి అంశానికీ 2 మార్కులంటే ఎలాంటి పని, 4 మార్కులంటే ఎలాంటి పని అన్నది ఉదాహరణలతో తేల్చుకోవాలి. "చొరవ ఉంది" అంటే చాలదు. "మెషిన్ ఆగితే మెయింటెనెన్స్‌కు వెంటనే కబురు చేసి, ఆలోగా వేరే పని అందుకున్నాడు" అన్నంత స్పష్టంగా ఉండాలి. తర్వాత ఒక ఉద్యోగి పనిచేసే తీరు ఉన్న వీడియోను అందరికీ చూపించి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేయించాలి. వాటిని నిపుణులు ముందే నిర్ణయించిన మార్కులతో పోల్చి, ఏం చూసి ఆ మార్కు వేశారో ఒక్కొక్కరి చేతా చెప్పించాలి. అసలు నేర్చుకునేది ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. ఆపైన కొత్త వీడియోతో మళ్లీ చేయించాలి.

"రోల్ ప్లే ఉందండీ" అని వెండర్ అంటే సరిపెట్టుకోకండి. అందులో ఉద్యోగితో మాట్లాడటం వస్తుంది, మార్కు వేయడం రాదు. ఏడాది పొడవునా సంఘటనలను తేదీలతో రాసుకోవడం నేర్పుతారా అని కూడా అడగండి. నోట్సు లేకపోతే ఎంత శిక్షణ ఇచ్చినా చివరి నెల జ్ఞాపకాలే ఫారంలోకి ఎక్కుతాయి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక వీడియోకు నిపుణుల మార్కులు, వాటికి కారణాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. అవి లేవంటే ఆ ప్యాకేజీ వదిలేయండి. ట్రైనింగ్ నచ్చిందని సంతకాలు పెట్టిన ఫీడ్‌బ్యాక్ ఫారాలను ఫలితంగా ఒప్పుకోవద్దు. మొదటి వీడియోకూ చివరి వీడియోకూ మధ్య నిపుణుల మార్కులతో తేడా ఎంత తగ్గిందో చూపించాకే మిగతా సొమ్ము ఇస్తామని ఒప్పందంలో రాయించండి.