విశాఖ బీచ్‌లో ‘సన్‌సెట్ ఫ్యామిలీ షూట్’ ప్యాకేజీ కడుతున్నారా? అడ్వాన్స్ పంపేముందు చదవండి

విశాఖలో సూర్యుడు సముద్రంలో అస్తమించడు. ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి, ఎక్కడ నిలబడినా సముద్రం తూర్పున ఉంటుంది, పొద్దు మన వెనక మేడలు, కొండల చాటుకు దిగిపోతుంది. ఊరివాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో సెలవులకు వచ్చేవాళ్లకే ‘బీచ్ సన్‌సెట్ ఫ్యామిలీ ప్యాకేజీ’ అని అమ్ముతున్నారు. శాంపిల్ ఫోటోలో ఎర్రటి సూర్యుడు నీళ్లను తాకుతూ కనిపిస్తాడు. అది పడమటి తీరానిదైనా అయ్యుండాలి, ఇక్కడే పొద్దున తీసి సాయంత్రమని చెప్తున్నదైనా అయ్యుండాలి.

తర్వాత జరిగేది ఇది. సగం డబ్బు ముందే తీసుకుని సాయంత్రం 5 గంటల స్లాట్ ఇస్తారు. నవంబరు నెలాఖరులో ఇక్కడ అస్తమయం దాదాపు 5.20కే. బీచ్ రోడ్డు మేడల నీడ ఇసుక మీద అంతకంటే ముందే పడిపోతుంది. ఆ నారింజ రంగు రాలేదేమని అడిగితే ‘క్లైమేట్ సపోర్ట్ చేయలేదండి’ అంటారు. అడ్వాన్స్ వెనక్కివ్వరు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఎడిటింగ్‌లో ఆకాశం మార్చేస్తారు. దాన్ని పట్టుకోవడం తేలికే: మీ వెనక సూర్యుడు వెలుగుతుంటాడు, మీ నీడలు మాత్రం సముద్రం వైపే పడి ఉంటాయి.

సాయంత్రం ఫోటోలు పనికిరావని కాదు. వెలుతురు ఎదురుగా ముఖం మీద పడుతుంది, సముద్రం నీలంగా, ఆకాశం లేత గులాబీగా వస్తుంది. అది కావాలనుకుంటే నిక్షేపంగా తీయించుకోండి, ఏం వస్తుందో తెలిసి తీయించుకోండి. సముద్రం మీద సూర్యుడే కావాలంటే మాత్రం ఉదయమే దిక్కు. జనవరి మధ్యలో సూర్యోదయం సుమారు 6.30, జూన్ మొదట్లో సుమారు 5.20. దానికి అరగంట ముందే ఇసుక మీద ఉండాలి, ఎందుకంటే మంచి రంగంతా సూర్యుడు రాకముందే మొదలవుతుంది. పైకొచ్చాక ముప్పావుగంట దాటితే కళ్లు చికిలించడం తప్పదు. ఆర్కే బీచ్ రోడ్డులో కొంతమేర తెల్లవారుజామున వాకర్ల కోసం వాహనాలు ఆపుతారు. పెద్దవాళ్లుంటే ఎక్కడ దిగి ఎంత నడవాలో ముందే చూసుకోండి.

సూర్యుడు వెనకుంటే ముఖాలు నల్లగా వస్తాయి. అందుకే ఫ్లాష్ గానీ రిఫ్లెక్టర్ (వెలుతురును ముఖం మీదికి తిప్పే తెల్ల పలక) గానీ తెస్తున్నారా, దాన్ని పట్టుకునే మనిషి వస్తున్నాడా అని అడగండి. ఒక్కడే వస్తే గాలికి రిఫ్లెక్టర్ నిలవదు, పిన్నిగారి చేతికి ఇచ్చి పట్టుకోమంటాడు, ఆవిడ ఫోటోలో ఉండరు. ఇంకో ప్రశ్న: రెండు వరసల్లో నిలబెడితే ఎంత అపర్చర్‌లో (లెన్స్ తెరుచుకునే వెడల్పు, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెరుగుతుంది) తీస్తారు? ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య అంటే పని తెలిసినవాళ్లు. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ బాగుంటుందని ఎఫ్ 1.8లో లాగిస్తే వెనక వరసలో తాతయ్య మసకగా మిగులుతారు, అది ఎడిటింగ్‌లో బాగుపడదు. కెమెరా బాడీ ఒక్కటే తెచ్చి ఇసుక గాలిలో లెన్స్‌లు మార్చేవాళ్లయితే ప్రతి ఫోటోలో ఆకాశం మీద మచ్చలు చూస్తారు.

‘కాస్ట్యూమ్ ఫ్రీ’ అనేది ఈ ప్యాకేజీల్లో అసలు గాలం. నేల మీద జీరాడే గౌను ఇస్తారు, అలల్లో నడవమంటారు, తర్వాత అంచుకు ఉప్పునీటి మరక పడిందని డిపాజిట్ కోస్తారు. వేసుకోకముందే అంచు, జిప్పు వీడియో తీసి పెట్టుకోండి. మీ బట్టలే మేలు. పట్టుచీర మాత్రం వద్దు, ఉప్పునీరు తగిలితే జరీ నల్లబడుతుంది. తెల్ల కాటన్ తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది, ఒంటి రంగు లైనింగ్ వేసుకోండి. సాయంత్రం గాలి ఎక్కువగా సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి సముద్రానికి వీపు పెట్టగానే జుట్టంతా ముఖం మీదికి వస్తుంది. జడ వేసుకుంటే ఆ గొడవ ఉండదు. పిల్లల చేతులకు, కాళ్లకు నూనె రాయకండి, ఇసుక అంటుకుని ఏడుపు మొదలవుతుంది. తడి ఇసుక వదలడానికి పౌడరు డబ్బా ఒకటి చాలు.

అలలకు వీపు పెట్టి పిల్లల్ని ఎత్తుకోమనే ఫోటోగ్రాఫర్ మాట వినకండి. ఈ తీరంలో రిప్ కరెంట్లు, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు, మనుషుల్ని లాక్కెళ్లిన సందర్భాలు కొత్తవి కావు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు నిశ్చలంగా, ముదురు రంగులో ఉన్న చోటే ఫోటోకు ‘క్లియర్‌గా’ ఉందంటారు. లోపలికి లాగేది సరిగ్గా అక్కడే. పాచి పట్టిన రాళ్లు కూడా ప్రమాదమే. నీళ్లలో ఫోటో కావాలంటే చీలమండ లోతు దాటొద్దు, ఇంట్లో ఒకరు ఫ్రేమ్ బయట నిలబడి అలలే చూస్తుండాలి.

డ్రోన్ షాట్ కోసం అదనంగా కట్టమంటే ముందు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. నౌకాదళ స్థావరం ఉన్న ఊరు ఇది. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ‘మాకు తెలిసినవాళ్లున్నారు’ అన్నది అనుమతి కాదు.

ఇక ఫైళ్లు. ‘అన్‌లిమిటెడ్ ఫోటోలు’ అని చెప్పి చివరికి గ్యాలరీ లింక్ పంపుతారు. డౌన్‌లోడ్ చేసి ఫైల్ వివరాలు తెరిస్తే 2048 × 1365 పిక్సెల్స్ అని ఉంటుంది. మంచి నాణ్యతతో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే అది ఏడంగుళాలు కూడా రాదు. హాల్లో పెట్టే 12 × 18 ఫ్రేముకు 3600 × 5400 కావాలి. పెద్ద ఫైలుకు ఫోటోకింత అని అప్పుడు మళ్లీ బేరం మొదలెడతారు. అందుకే బుకింగ్ రోజునే వాట్సాప్‌లో రాయించుకోండి: ఎడిట్ చేసినవి ఎన్ని, ఏ సైజు, ఎన్ని రోజుల్లో, ఎడిట్ చేయనివి ఇస్తారా లేదా, వానొస్తే తేదీ మారుస్తారా, అడ్వాన్స్ సంగతేంటి.

పిల్లల ఫోటోలు ఫోటోగ్రాఫర్ తన పేజీలో పెట్టుకోవడం గురించి కూడా అందులోనే రాయించండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెప్పేది అదే. కాబట్టి బుకింగ్ ఫారం అడుగున సన్న అక్షరాల్లో ఏముందో చూడకుండా సంతకం పెట్టకండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు శాంపిల్ ఫోటో, ‘సన్‌సెట్’ అని రాసిన మెసేజ్, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, వాళ్లు పోస్టు తీసేసే లోపే. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే ఊళ్లోనే ఫిర్యాదు చేయొచ్చు, విశాఖ రానక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.