డెక్ మార్చలేదు, ముల్లు మార్చా: వీఎం95ఎంఎల్ రెండు నెలలు వాడాక

నా దగ్గరున్న డెక్, అంటే రికార్డ్ ప్లేయర్, ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్, దాంతోపాటే వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే చిన్న ముక్క, ముల్లు కదలికని సిగ్నల్‌గా మార్చేది), నాన్న వాడిన పాత ఆంప్, వెనకాల ఫోనో సాకెట్ (రికార్డ్ ప్లేయర్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచేది) ఉన్న రకం. మేముండేది చెన్నై వేళచ్చేరిలో. తాతయ్య మద్రాసులో ఉన్నప్పుడు కొన్న తెలుగు ఎల్పీలు ఓ అరవై దాకా ఉన్నాయి, సగం అట్టలకి ఈ ఊరి చెమ్మకి బూజు. వాటితో బాధేంటంటే ప్రతి సైడులో చివరి పాట వచ్చేసరికి పాడేవాళ్ళు "స" అన్నా "శ" అన్నా వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్‌మనేది.

సరే మంచి కార్ట్రిడ్జ్ కొందామని ఓ షాపుకెళ్లా, పేరెందుకులెండి, అక్కడాయన డెనాన్ డీఎల్-103 పెట్టి వినిపించాడు, అబ్బ ఆ గొంతులు వింటే ఇంకేం ఆలోచిస్తాం, కొనేశా. ఇంటికొచ్చి బిగించి పెడితే వాల్యూమ్ ముప్పావు తిప్పినా పాట పక్కింట్లోంచి వస్తున్నట్టుంది, హమ్ము మాత్రం మనింట్లోనే. కార్ట్రిడ్జ్ తప్పేం లేదండీ, అది ఎంసీ రకం, అంటే మూవింగ్ కాయిల్, లోపల తీగచుట్ట కదిలేది, ఇచ్చేదే 0.3 మిల్లీవోల్టులు. నా ఆంప్‌లో ఫోనో ఎంఎం రకానికి (మూవింగ్ మాగ్నెట్, అయస్కాంతం కదిలేది) చేసింది, అంటే సుమారు 40 డీబీ, వందింతలు పెంచుతుందన్నమాట. మామూలు ఎంఎం ఇచ్చే 4 మిల్లీవోల్టులు 400 అవుతాయి, సరిపోతుంది, కానీ 0.3 పెరిగి పెరిగి 30 అయితే ఏం వినపడుద్ది? దానికి 60 డీబీ కావాలి, వెయ్యింతలు. షాపులో మధ్యలో ఓ చిన్న డబ్బా ఉందిలెండి, స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్, ఫోనోకి చేరేలోపే సిగ్నల్ పెంచేది, దాని ఊసు ఆయన ఎత్తలేదు, నాకూ అడగాలని తట్టలేదు. పైగా ఆ కార్ట్రిడ్జ్ సస్పెన్షన్, అంటే ముల్లుని పట్టి ఉంచే భాగం, గట్టిది, బరువైన ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే చెయ్యి) ఉంటేనే కుదురుగా ఉంటుందట. బాక్స్ ఓపెన్ చేశాక వాపస్ లేదన్నారు. ఎంసీ ఫోనో ఉన్న ఫ్రెండుకి నష్టానికి ఇచ్చేశా.

అప్పుడు తెలిసింది, వీఎం95 సిరీస్‌లో బాడీ అంతా ఒకటే, ముందు ముల్లు లాగేసి వేరేది తోసేయొచ్చని. ఎంఎల్ అంటే మైక్రోలీనియర్, మొన చాలా సన్నం. స్క్రూలు విప్పే పనే లేదు, ఆర్మ్ అదే, ఆంప్ అదే, అవుట్‌పుట్ 3.5 మిల్లీవోల్టులు కాబట్టి ఫోనోతో పేచీ లేదు. రిచీ స్ట్రీట్‌లో కొన్న చిన్న డిజిటల్ త్రాసు పెట్టి రికార్డు మీద ముల్లు బరువు 2 గ్రాములకి సెట్ చేశా, అంతే.

తేడా ఎక్కడ తెలిసిందంటే సరిగ్గా ఆ చివరి పాటల్లోనే. రికార్డు తిరిగే వేగం అదే అయినా అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి 50 సెంటీమీటర్ల దాకా పరిగెడితే లోపలికొచ్చేసరికి 20 చిల్లరే, అదే పాట ఇరుకు సందులో కుక్కినట్టు, మొద్దు మొన అందులో తిరగలేదు. ఇప్పుడు ఆ చుయ్ చాలావరకు పోయింది, వయొలిన్లు విడివిడిగా వినిపిస్తున్నాయి. అరిగిపోయిన రికార్డులకి మాత్రం ఏ ముల్లూ ఏం చేయలేదు, ఓ నాలుగు అలాగే గరగరమంటున్నాయి. దుమ్ము కూడా ముందుకంటే ఎక్కువే వినపడుతోంది, ప్రతిసారీ బ్రష్ కొట్టాల్సిందే. ఖరీదు, ఒక్క ముల్లుకి ఇంతా అని ఇంట్లో ఇంకా అంటున్నారు.

ఇదే డెక్ ఉన్నోళ్లకి ఒక మాట, వెనకాల ఫోనో/లైన్ స్విచ్ ఉంటుంది చూడండి, ఆంప్‌లో ఫోనో సాకెట్‌కి పెడితే ఇక్కడా ఫోనోలోనే ఉంచాలి. నేను మొదటి నెలంతా లైన్‌లో వదిలేశా, డెక్‌లోది ఒకటి, ఆంప్‌లోది ఒకటి, సిగ్నల్ పెంచే రెండు ప్రీఆంప్‌లు ఒకదాని మీద ఒకటెక్కి బాస్ బొయ్యిమంటుంటే స్పీకర్లు పోయాయేమో అనుకుని వాటినీ మార్చబోయా. నాన్నే వచ్చి ఆ స్విచ్ నొక్కారు.